పాత డెస్క్‌టాప్ రిపేరు – 3వ పాఠం: చెప్పాపెట్టకుండా రీస్టార్ట్ అయ్యే సిస్టమ్

గత పాఠంలో క్యాబినెట్ విప్పి దుమ్ము దులిపాం. ఫ్యాన్లు సరిగ్గా తిరుగుతున్నాయో లేదో చూశాం, ప్రాసెసర్ వేడి ఎంతుందో చదవడం నేర్చుకున్నాం. అదంతా చేశాక కూడా మీ సిస్టమ్ పని మధ్యలో టప్పున ఆరిపోయి, దానంతటదే మళ్ళీ లేస్తోందా? అయితే ఈ పాఠం దాని గురించే. ఇందులో సగం పనికి స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేదు.

ఈ జబ్బుతో చిక్కేమిటంటే, మనం కాచుకుని కూర్చున్నప్పుడు రాదు. రిపేరుకిస్తే అక్కడ రెండు రోజులు బుద్ధిగా పనిచేస్తుంది, ఇంటికి తెచ్చిన పూటే మళ్ళీ మొదలెడుతుంది. దాంతో విసుగొచ్చి చాలామంది ముందు ర్యామ్ మారుస్తారు, తర్వాత ఎస్‌ఎంపీఎస్ (గోడ కరెంటుని తీసుకుని సిస్టమ్‌కి కావాల్సిన వోల్టులు ఇచ్చే డబ్బా), ఆ తర్వాత విండోస్ ఫార్మాట్. ఒక్కోసారి తగ్గుతుంది కూడా. ఏది మారిస్తే తగ్గిందో మాత్రం ఎవరికీ తెలీదు. మన పద్ధతి వేరు: ఒకసారికి ఒక్క మార్పే చేస్తాం, చేసింది కాగితం మీద రాస్తాం.

ముందు ఒక నోట్‌బుక్

ఒక పేజీలో నాలుగు గళ్ళు గీయండి. తేదీ, సమయం ఒకటి. అప్పుడు ఏం పని నడుస్తోందన్నది రెండోది. ఎలా పోయింది, తర్వాత ఏమైంది అన్నవి మిగతా రెండు. వీటిలో అసలైనది మూడో గడి. ‘రీస్టార్ట్ అయింది’ అని ఊరుకుంటే లాభం లేదు, ఆ రెండు క్షణాల్లో కంటికి, చెవికి ఏం తెలిసిందో రాయాలి.

తెర ఒక్కసారిగా నల్లబడి, ఫ్యాన్ల చప్పుడు ఆగి, మళ్ళీ మొదలైతే కరెంటు దారిలో ఎక్కడో తేడా ఉందని మొదటి అనుమానం. బొమ్మ కదలకుండా బిగుసుకుపోయి, స్పీకర్లో ఒకటే ముక్క గరగరమని తిరిగి తిరిగి వినిపించి, ఆ తర్వాత పోతే ర్యామ్ వైపు, గ్రాఫిక్స్ కార్డ్ వైపు చూడాలి. రెప్పపాటు నీలం తెర మెరిసిందంటే, విండోస్ తప్పు పట్టుకుని తనే రీస్టార్ట్ చేసిందన్నమాట. ఆరిపోయి కాసేపటిదాకా బటన్ నొక్కినా లేవకపోతే, అది వేడి అయినా కావాలి, ఎస్‌ఎంపీఎస్ తన రక్షణ కోసం తనే ఆపేసుకున్నదైనా కావాలి.

ఆ నీలం తెర రెప్పపాటే ఉంటే చదవలేం కదా. అందుకే దాన్ని ఆపి ఉంచుదాం. స్టార్ట్ మెనూలో ‘అడ్వాన్స్‌డ్ సిస్టమ్ సెట్టింగ్స్’ వెతికి తెరవండి. ‘స్టార్టప్ అండ్ రికవరీ’ కింద సెట్టింగ్స్ నొక్కి, ‘ఆటోమేటికల్లీ రీస్టార్ట్’ ముందున్న టిక్ తీసేయండి. ఇక బ్లూ స్క్రీన్ వస్తే మీరు ఫొటో తీసుకునేదాకా అలాగే ఉంటుంది. టిక్ తీశాక కూడా సిస్టమ్ ముందులాగే నేరుగా రీస్టార్ట్ అవుతోందంటే, ఆ పని చేస్తున్నది విండోస్ కాదని చాలావరకు తేలిపోతుంది. అర నిమిషం పనికి ఇంతకంటే మంచి ఆధారం దొరకదు.

లాగ్ చదవడం

ఇప్పుడు స్టార్ట్ మెనూలో వెతికి ఈవెంట్ వ్యూయర్ (విండోస్ తను రాసుకున్న లాగ్‌ని చూపించే ప్రోగ్రామ్) తెరిచి, ‘విండోస్ లాగ్స్’లో ‘సిస్టమ్’ మీద నొక్కండి. మీ నోట్‌బుక్‌లో రాసుకున్న సమయం దగ్గరికి వెళ్తే ‘కెర్నల్-పవర్’ పేరుతో 41 నంబరు ఎర్ర గుర్తు కనిపిస్తుంది. దాన్ని చూడగానే ‘దొరికింది, పవర్ ప్రాబ్లమే’ అని ఎస్‌ఎంపీఎస్ కొనడానికి పరుగెత్తకండి. పేరులో పవర్ ఉన్నా అది కారణం కాదు. సిస్టమ్ మళ్ళీ లేచాక ‘పోయినసారి నన్ను పద్ధతిగా షట్‌డౌన్ చేయలేదు’ అని విండోస్ రాసుకునే మాట, అంతే. 6008 నంబరు చెప్పేదీ దాదాపు అదే.

అసలు సంగతి ఆ 41 లోపలుంటుంది. ‘డీటెయిల్స్’ ట్యాబ్ నొక్కి ‘బగ్‌చెక్ కోడ్’ వరుస, అంటే విండోస్ పట్టుకున్న తప్పు నంబరు చూడండి. అక్కడ 0 ఉంటే విండోస్‌కి ఏమీ రాసుకునే వ్యవధి దొరకలేదన్నమాట. కరెంటు హఠాత్తుగా తెగినా, సిస్టమ్ బిగుసుకుపోయి మీరే రీసెట్ నొక్కినా ఇలాగే ఉంటుంది. రెండింటిలో ఏదో తేల్చడానికే ఆ మూడో గడి.

సున్నా కాకుండా వేరే సంఖ్య ఉంటే ఒక చిన్న మెలిక ఉంది. ఇక్కడ మామూలు దశాంశ లెక్కలో కనిపించే కోడ్‌ని, ఇంటర్నెట్‌లో అందరూ హెక్సాడెసిమల్‌లో, అంటే పదికి బదులు పదహారు ఆధారంగా లెక్కించే పద్ధతిలో రాస్తారు. ఇక్కడి 292 అక్కడి 124. అది హార్డ్‌వేర్ స్వయంగా ఇచ్చిన ఫిర్యాదు, దానికి తోడుగా లాగ్‌లో ‘వీయా లాగర్’ (WHEA-Logger, హార్డ్‌వేర్ తప్పుల నమోదు) వరుసలు కూడా ఉండొచ్చు. ఇక్కడి 26 అంటే 1ఏ, మెమరీ మేనేజ్‌మెంట్ తప్పు. 80 అంటే 50, లేని మెమరీ పేజీ కోసం వెతికిన తప్పు. కంప్యూటర్లోని క్యాలిక్యులేటర్‌ని ప్రోగ్రామర్ మోడ్‌లో పెడితే అదే మార్చి చూపిస్తుంది.

ఒక్కోసారి 41 ఉండదు, 1074 మాత్రమే ఉంటుంది. అది జబ్బే కాదు. అప్‌డేటో, ఏదో ప్రోగ్రామో పద్ధతిగా అడిగి రీస్టార్ట్ చేయించింది, ఎవరు అడిగారో కూడా అందులోనే రాసి ఉంటుంది. లినక్స్ వాడేవాళ్ళు వెనకటి బూట్ తాలూకు జర్నల్ (లినక్స్‌లో సిస్టమ్ లాగ్) తెరిచి చివరి వరుసలు చూడండి. షట్‌డౌన్ మాటే లేకుండా మధ్యలో తెగిపోయి ఉంటే, దాన్నీ సున్నా కోడ్ లాగే లెక్కేసుకోవచ్చు.

గోడ నుంచి బోర్డు దాకా

కోడ్ 0, నల్ల తెర కలిసి వచ్చాయంటే గోడ దగ్గర్నుంచి మొదలుపెట్టండి. చాలా మానిటర్లకు, క్యాబినెట్‌కి ఒకే రకం పవర్ కార్డ్ ఉంటుంది. దాన్ని దీనికి, దీన్ని దానికి మార్చండి. ఇప్పుడు మానిటర్ ఆరడం మొదలైతే దొంగ దొరికినట్టే. ఎక్స్‌టెన్షన్ బాక్స్ వాడుతుంటే తీసేసి కొన్నాళ్ళు నేరుగా గోడకే పెట్టండి.

యూపీఎస్ ఉంటే దాన్ని కూడా ఓ వారం పక్కన పెట్టి చూడాలి. అందులో ఉండే లెడ్ యాసిడ్ బ్యాటరీ మామూలుగా మూడు నుంచి ఐదేళ్ళకు నీరసపడుతుంది. కొన్ని యూపీఎస్‌లు అప్పుడప్పుడు తమంతట తామే సెల్ఫ్ టెస్ట్ చేసుకుంటాయి, అంటే కరెంటు ఉండగానే ఒక్క క్షణం బ్యాటరీ మీదికి మారతాయి. బ్యాటరీ సచ్చుదైతే ఆ క్షణంలోనే సిస్టమ్ పోతుంది. కాపాడాల్సిందే కాటేస్తుందన్నమాట.

తర్వాతిది రీసెట్ బటన్. దీని మీద నాకు పాత పగ ఉంది. ఒక పాత సిస్టమ్‌కి ర్యామ్ మార్చాను, ఎస్‌ఎంపీఎస్ మార్చాను, మూడు వారాలు తలపట్టుకున్నాను. చివరికి చూస్తే ముందు ప్యానెల్లో రీసెట్ బటన్ కింద స్ప్రింగ్ వదులై, బల్ల కాస్త కదిలినప్పుడల్లా లోపల రెండు రేకులు తగులుతున్నాయి. మీరు అంత దూరం వెళ్ళక్కర్లేదు. ప్లగ్ తీసేసి, క్యాబినెట్ పక్క రేకు విప్పి, మదర్‌బోర్డ్ కింది మూలలో సన్న వైర్లు గుచ్చి ఉన్నచోట ‘రీసెట్ ఎస్‌డబ్ల్యూ’ అని రాసున్న రెండు పిన్నుల ముక్కని పైకి లాగేయండి. అది లేకపోయినా సిస్టమ్‌కి వచ్చిన నష్టమేమీ లేదు, బటన్ పనిచేయదంతే. పవర్ బటన్ మీద అనుమానమైతే దాని ముక్క పీకి, ఆ పిన్నులకు ఈ రీసెట్ ముక్క గుచ్చండి. ఇక రీసెట్ బటన్‌తోనే ఆన్ చేసుకోవచ్చు.

ఎస్‌ఎంపీఎస్ మీద మీటర్ పెట్టడం

మీటర్ పట్టే ముందు ఇది లోపల ఏం చేస్తుందో తెలిస్తే రీస్టార్ట్ ఎందుకొస్తుందో అర్థమవుతుంది. 12, 5, 3.3 వోల్టులు ఇవ్వడంతో పాటు, బూడిద రంగు వైరు మీద ‘సప్లై బాగుంది’ అనే సంకేతాన్ని బోర్డుకి నిరంతరం పంపుతుంటుంది. ఆ సంకేతం పడిపోయిన మరుక్షణం బోర్డు ప్రాసెసర్‌ని రీసెట్ చేస్తుంది. గోడ కరెంటు రెప్పపాటు పోయినా ఆ సంకేతం నిలవడానికే లోపల పెద్ద కెపాసిటర్ (కరెంటుని కాసేపు నిల్వ ఉంచే భాగం) ఉంటుంది. అది ఆరోగ్యంగా ఉన్నప్పుడు కూడా ఆదుకోగలిగేది సుమారు 16 మిల్లీసెకన్లు. 50 హెర్ట్జ్ కరెంటులో ఒక్క చుట్టుకే 20 మిల్లీసెకన్లు పడుతుందంటే, ఆ ఓపిక ఎంత తక్కువో చూడండి. ఏళ్ళు గడిచి కెపాసిటర్ లోపల ద్రవం ఎండిపోతే ఆ కాస్తా తగ్గిపోతుంది. లైటు ఒక్కసారి మిణుక్కుమంటే చాలు, పాత సిస్టమ్ రీస్టార్ట్, పక్కనున్న కొత్త సిస్టమ్‌కి చీమ కుట్టినట్టు కూడా ఉండదు.

మల్టీమీటర్‌ని డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టండి. పాత హార్డ్ డిస్కులకు పెట్టే నాలుగు పిన్నుల తెల్ల కనెక్టర్ ఒకటి ఖాళీగా వేలాడుతుంటుంది, అదే మనకు వాటం. నల్ల ప్రోబ్ మధ్యలోని నల్ల వైరు పిన్నులో, ఎర్ర ప్రోబ్ పసుపు వైరు పిన్నులో పెడితే 12 వోల్టుల లైను, ఎర్ర వైరులో పెడితే 5 వోల్టుల లైను. వైర్లన్నీ నల్లగా ఉన్న మోడల్ అయినా ఇదే అమరిక: మధ్య రెండూ గ్రౌండ్, చివర్లలో ఒకటి 12, ఇంకొకటి 5. ప్రోబ్ జారి పక్క పిన్నుకి తగిలితే షార్ట్ అవుతుంది. కాబట్టి సిస్టమ్ ఆపి ప్రోబులు పెట్టి, కదలకుండా చూసుకుని అప్పుడే ఆన్ చేయండి.

12 లైను 11.40 నుంచి 12.60 లోపు, 5 లైను 4.75 నుంచి 5.25 లోపు ఉండాలి. డెస్క్‌టాప్ ఖాళీగా ఉన్నప్పుడు ఒక రీడింగ్ రాసుకోండి. తర్వాత ఓసీసీటీ లాంటి స్ట్రెస్ టెస్ట్ (సిస్టమ్‌తో కావాలని బరువు పని చేయించే ప్రోగ్రామ్) పెట్టి, ఐదు నిమిషాలయ్యాక మళ్ళీ చూడండి. 12.10 ఉన్నది 11.95 అయితే కంగారేమీ లేదు. 11.60 ఉన్నది 11.30కి జారితే ఇక దాన్ని బతిమాలకండి, మార్చేయండి.

మీటర్‌లో అంకెలు బాగున్నంత మాత్రాన ఎస్‌ఎంపీఎస్ నిర్దోషి అయిపోదు. మామూలు మీటర్ సెకనుకి రెండు మూడు సార్లే అంకె మారుస్తుంది, వోల్టేజ్ మిల్లీసెకన్లపాటు పడిపోయి లేచినా దానికి కనబడదు. అందుకే రీడింగ్ చెడ్డగా ఉంటే తీర్పు ఇచ్చేయొచ్చు, బాగుంటే మాత్రం వేరే సిస్టమ్‌లోని మంచి ఎస్‌ఎంపీఎస్ అరువు తెచ్చి ఓ వారం పెట్టి చూడాల్సిందే. తెచ్చేటప్పుడు మాడ్యులర్ రకమైతే (కేబుళ్ళు డబ్బా నుంచి ఊడదీయగలిగేది) దాని కేబుళ్ళు దానితోనే తెచ్చుకోండి. కనెక్టర్లు ఒకేలా కనిపించినా పిన్నుల అమరిక వేరుగా ఉండొచ్చు, డిస్కులు కాలిపోతాయి.

ఇంకో మాట. ఎస్‌ఎంపీఎస్ డబ్బా మూత మాత్రం విప్పొద్దు. లోపలి కెపాసిటర్లో 300 వోల్టులకు పైగా ఉంటుంది, ప్లగ్ తీశాక కూడా కాసేపు నిలిచే ఉండొచ్చు.

క్యాబినెట్ తెరిచే ఉంది కాబట్టి, ప్రాసెసర్ చుట్టూ నిలబడి ఉన్న చిన్న డబ్బాల్లాంటి కెపాసిటర్లను టార్చ్ వేసి చూడండి. నెత్తి చదునుగా ఉండాలి. ఉబ్బినా, గోధుమరంగు చెక్కు కట్టినా బోర్డు వయసు అయిపోయిందన్నమాట. 2000 ప్రాంతంలో వచ్చిన బోర్డుల్లో ఈ జబ్బు మరీ ఎక్కువ. వేడి సంగతి ఇక్కడ సాగదీయను. మితిమీరితే ప్రాసెసర్ ముందు వేగం తగ్గించుకుంటుంది, అప్పటికీ తగ్గకపోతే సిస్టమ్ ఆగిపోతుంది, మామూలుగా వెంటనే లేవదు. 60 డిగ్రీల దగ్గర రీస్టార్ట్ అవుతుంటే ప్రాసెసర్ వేడిని తిట్టుకోనక్కర్లేదు.

అభ్యాసం

కింది మూడు నోట్‌బుక్ వరుసలు చదివి, ఒక్కోదానికి మీ మొదటి అనుమానం, మీరు చేసే మొదటి ఒక్క మార్పు రాయండి.

1. తెల్లవారుజామున 3 గంటలు. ఎవరూ వాడట్లేదు. పొద్దున చూస్తే లాగిన్ తెర ఉంది. లాగ్‌లో 1074, 41 లేదు.

2. గేమ్ మొదలెట్టిన రెండు నిమిషాలకు నల్ల తెర, ఫ్యాన్లు ఆగి మళ్ళీ తిరిగాయి. 41, కోడ్ 0. మీటర్‌లో 12 లైను ఖాళీగా ఉన్నప్పుడు 11.70, లోడ్‌లో 11.32.

3. బ్రౌజర్ తప్ప ఏమీ నడవట్లేదు. సోమవారం బ్లూ స్క్రీన్, కోడ్ 26. బుధవారం 80. శుక్రవారం మళ్ళీ 26. మీటర్ అంకెలన్నీ బాగున్నాయి.

జవాబులు వచ్చే పాఠం మొదట్లో చూద్దాం. మూడో వరుస దగ్గర్నుంచే ఆ పాఠం మొదలవుతుంది. ఈలోగా ఒక ఖాళీ పెన్‌డ్రైవ్‌లో మెమ్‌టెస్ట్86 ప్లస్ (ర్యామ్‌ని పరీక్షించే ప్రోగ్రామ్) ఎక్కించి సిద్ధంగా ఉంచుకోండి, ర్యామ్ కర్రలను ఒక్కొక్కటిగా ఒక్కో రాత్రి పరీక్షిద్దాం.