కొత్త ఇంట్లో సామాను ఎందుకు పట్టదు? ప్లాను కాగితం మీదే సరిచేసుకోవలసిన చిక్కులు

దక్షిణ ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు మనవాళ్లు ఇల్లు కట్టుకునేటప్పుడు ముందుగా చూసేవి హాలు ఎంత, బెడ్‌రూములు ఎన్ని, పూజగది ఏ మూల అన్నవే. సామాను మాట వచ్చేసరికి ‘తర్వాత కార్పెంటర్ చూసుకుంటాడులే’ అంటారు. కానీ కార్పెంటర్ వచ్చేసరికి తలుపులు, కిటికీలు, వాటి పైన పోసే కాంక్రీటు దూలాలు (లింటెళ్లు) అన్నీ కూర్చుని ఉంటాయి. మిగిలిన ముక్కల్లో అతను ఏదో ఒకటి అమరుస్తాడు. ఈ ప్రాంతంలో ప్లాన్లు గీసే పనిలో ఉన్నవాడిగా, కొత్త ఇళ్లవాళ్లు ఎక్కువగా చెప్పే ఇబ్బందులు, వాటి వెనకున్న కారణాలు, ప్లాను దశలోనే చేసుకోగల మార్పులు రాస్తున్నాను.

గది పెద్దదే, బీరువా పెట్టడానికి గోడే లేదు

అన్నిటికంటే ఎక్కువగా వినే మాట ఇదే. 10 అడుగులకి 12 అడుగుల గది అనుకోండి. చుట్టూ 44 అడుగుల గోడ ఉన్నట్టే. పొట్టిగోడ మధ్యలో 3 అడుగుల తలుపు పెడితే అటు మూడున్నర, ఇటు మూడున్నర మిగులుతుంది. అందులో ఒక పక్క తలుపు రెక్క తెరుచుకోవడానికే పోతుంది. ఒక పొడవు గోడ మధ్యలో కిటికీ, ఇంకో గోడకి బాత్‌రూము తలుపు, నాలుగో గోడకి మంచం తల. అన్ని గోడలూ ముక్కలైపోయాయి. చోటు ఉంది, బీరువాకి కావలసిన పొడవు ఒక్కచోటా లేదు.

తలుపుని మధ్యలోంచి జరపడమే దీనికి మందు. మూల నుంచి 2 అడుగుల 3 అంగుళాలు వదిలి తలుపు చట్రం మొదలుపెట్టించండి. హ్యాంగర్‌కి చొక్కా తగిలించాలంటే అలమార లోతు 24 అంగుళాలు కావాలి. ఆ మూలలోంచి పొడవు గోడ వెంట అలమార కట్టించినా తలుపుకి అడ్డం రాదు. తలుపు బందులు అలమారకి అవతలి వైపు ఉండాలి. బాత్‌రూము తలుపు, కిటికీ ఆ పొడవు గోడకి రాకుండా చూసుకుంటే 7 అడుగుల అలమార హాయిగా పడుతుంది. మంచం వేశాక అలమార ముందు రెండున్నర అడుగులు మిగలాలి. అంత లేకపోతే జారుడు తలుపులు పెట్టించుకోవచ్చు. అయితే వాటితో ఒకసారికి సగం అలమారే తెరుచుకుంటుంది.

ప్లాను మీద ఫర్నిచర్ బొమ్మలు వేసి చూపించినంత మాత్రాన నమ్మకండి. తలుపు రెక్క తిరిగే మేర కూడా గీయమని అడగండి.

వీధి ఇల్లు: గదులన్నీ దారిగా మారిపోయాయి

బరంపురం పాత వీధుల్లో స్థలాలు ముందు వైపు ఇరుకుగా, వెనక్కి పొడవుగా ఉంటాయి. రెండు పక్కలా పొరుగిళ్ల గోడలే. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్లాలి. వాస్తు కోసం ద్వారాలు ఎదురెదురుగా మధ్యలో పెట్టేస్తే వీధి గుమ్మం నుంచి పెరటిదాకా ఇంటి నడుమ ఒక బాట పడుతుంది. ప్రతి గదీ రెండు ముక్కలై ఏ పక్కా పనికి రాదు.

ద్వారాలు ఎదురెదురుగానే ఉంచండి, ఆ వరుస మొత్తాన్ని ఒక పక్క గోడ వైపు జరపండి. నడవడానికి 3 అడుగులు పోతే రెండో పక్క గోడ ఈ చివర నుంచి ఆ చివర దాకా నిండుగా దక్కుతుంది. కిటికీలు లేని పక్క గోడ వెలుతురుకి లోటే కానీ అలమారలకి వరం. వెలుతురు, గాలి కోసం మధ్యలో కొంత చోటు ఆకాశానికి తెరిచి ఉంచాల్సిందే. దాన్ని కప్పేసి సామాన్ల గది చేయొద్దు.

పొరుగువారితో ఉమ్మడి గోడ అయితే దాన్ని తొలిచి గూళ్లు పెట్టకండి. 9 అంగుళాల గోడలో నాలుగున్నర తీసేస్తే మిగిలేది పలచటి పొర. అవతలి వాళ్ల బాత్‌రూము తేమ నేరుగా మీ బట్టల్లోకి వస్తుంది. మీ వైపు గోడకి ఆనించి అలమార కట్టించుకోవడమే మేలు.

బట్టలకి బూజు, పట్టుచీరలకి మచ్చలు

గోపాల్‌పూర్ సముద్రపు గాలి తగిలే ఊళ్లలో అయినా, కోరాపుట్, రాయగడ కొండల వాన కింద అయినా తేమ తప్పదు. దీనికి మూడు కారణాలు ఉంటాయి, ఏదో తెలుసుకోకుండా రంగులు వేయించడం దండగ.

మచ్చ నేల దగ్గర మొదలై పైకి పాకుతుంటే అది భూమిలోంచి ఇటుక పీల్చుకుంటున్న నీరు. ప్లింత్ (పునాది పైన ఇంటి గచ్చు మట్టం) మీద గోడ లేపేముందు వాటర్‌ప్రూఫ్ పొడి కలిపిన కాంక్రీటు పట్టీ ఒకటిన్నర, రెండు అంగుళాల మందాన వేయాలి. ఖర్చు తగ్గించాలని దీన్ని వదిలేస్తే తర్వాత సరిచేయడం చాలా కష్టం. మచ్చ గోడ మధ్యలో ఉండి అవతల బాత్‌రూము ఉంటే పైపు కారుతోందన్నమాట. వాన కొట్టే రోజుల్లో మాత్రమే వస్తే బయటి గోడ నానుతోంది, అది ఎక్కువగా వాన జల్లు కొట్టే వైపే ఉంటుంది.

బరంపురం పట్టుచీరల్లాంటివి దాచే అలమార ఇంటి లోపలి గోడకే ఉండాలి. తప్పనిసరిగా బయటి గోడకి పెట్టాల్సివస్తే వెనక ఒక అంగుళం, రెండు అంగుళాలు ఖాళీ వదిలి, కిందా పైనా గాలి ఆడే సందులు పెట్టించండి. ఆ అలమారకి చెక్క పొట్టు అదిమి చేసే పార్టికల్ బోర్డు వద్దు, తడి తగిలితే ఉబ్బిపోతుంది. ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై తీసుకోండి. జరీకి నాఫ్తలీన్ ఉండలు తగలనివ్వకుండా నూలు గుడ్డలో చుట్టి, అప్పుడప్పుడు మడత మార్చి పెడితే చీర నిలుస్తుంది. చెదలకి మందు పునాది తవ్వినప్పుడే, గుంటలు పూడ్చకముందే కొట్టించాలి. ఇల్లు పూర్తయ్యాక గచ్చుకి రంధ్రాలు పెట్టి పోయించే మందు ఎంతైనా రెండో దారే.

బియ్యం బస్తాలు హాల్లో, ఆవకాయ జాడీలు మంచం కింద

ప్లాను గీయించేటప్పుడు మగవాళ్లే వచ్చి కూర్చుంటారు. దయచేసి వంట చేసేవాళ్లని తీసుకురండి. ఏడాది బియ్యం ఊరి నుంచి వస్తాయా, నెలనెలా కొంటారా? చోళ్లు ఎంత? సంతలో ఎండాకాలం కొనే చింతపండు, పసుపు, అప్పడాలు, ఆవకాయ జాడీలు ఎన్ని? ఈ లెక్క వాళ్లకే తెలుసు. మాడ్యులర్ కిచెన్ బొమ్మల్లో కనిపించేది వారానికి సరిపడా సరుకు పెట్టుకునే వంటిల్లు. మన ఇళ్లలో ఏడాదికి సరిపడా సరుకు ఉంటుంది.

వంటింటిని ఆనుకుని 5 అడుగులకి 5 అడుగుల కొట్టుగది అడగండి. రెండు పక్కలా 12 అంగుళాల కడప బల్లలు వేస్తే మధ్యలో 3 అడుగులు నడవడానికి మిగులుతుంది. లోతు ఎక్కువైతే వెనక వరుస డబ్బాలు కనపడవు, ఉన్నవే మళ్లీ కొంటాం. కింద బల్ల వేయకుండా నేలకి 6 అంగుళాల ఎత్తున చెక్క పీట పెట్టి, గోడకి జానెడు దూరంలో బస్తాలు ఉంచండి. చిన్న వెంటిలేటర్ తప్పకుండా కావాలి, గాలి లేని చోట బియ్యం త్వరగా పురుగు పడతాయి.

గ్యాస్ సిలిండర్‌ని మూసిన అరలో పెట్టేట్టయితే తలుపు అడుగున సందు ఉండాలి. గ్యాస్ గాలి కంటే బరువు, లీకైతే నేల మీదే పేరుకుంటుంది.

అటక నిండిపోయింది, అందులో ఏముందో ఎవరికీ తెలియదు

అటక లోతు 2 అడుగులు దాటితే వెనక వస్తువు చేతికి అందదు. లింటెల్ మట్టంలో, 7 అడుగుల ఎత్తున, లింటెల్‌తో పాటే పోయించాలి. ఇత్తడి గంగాళాలు, గుండిగలు అక్కడికి ఎక్కించొద్దు. బరువైనవి కింద, పరుపులూ దుప్పట్లూ పైన. బరంపురంలో రెండేళ్లకోసారి ఠాకురాణి యాత్ర వస్తే చుట్టాలతో ఇల్లు నిండిపోతుంది. ఆ పక్కబట్టలకే ఒక అటక పూర్తిగా కేటాయించుకోండి.

మెట్ల కింద చోటు

ఇన్వర్టర్ బ్యాటరీ అక్కడ పెట్టడం మామూలే. ఛార్జింగ్‌లో దాన్నుంచి హైడ్రోజన్ వస్తుంది కాబట్టి పూర్తిగా మూసెయ్యకండి. పాత పేపర్లు, కిరసనాయిలు దాని పక్కన వద్దు.

తుఫానులో కాగితాలు తడిసిపోయాయి

2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస వైపు తీరం దాటి గజపతి జిల్లాని వరదలో ముంచింది. ఇలాంటి ప్రాంతంలో పట్టా కాగితాలు, సర్టిఫికెట్లు కింది సొరుగులో ఉంటే అది ప్లాను లోపమే. ఇంటి నడిమధ్య గోడకి, నేల నుంచి నాలుగున్నర అడుగుల పైన, తాళం పడే చిన్న అర ఒకటి గీయించండి. టార్చి, మందులు, కొవ్వొత్తులు పక్క అరలో. ఇన్వర్టర్‌కి కూడా రెండడుగుల దిమ్మ కట్టించండి.

ఇప్పటికే గోడలు లేచిపోయాయి

లింటెల్ పోయకముందైతే తలుపు జరపడానికి ఇంకా వీలుంది. కొన్ని వరసల ఇటుక విప్పి కట్టాలి, అంతే. మేస్త్రీ విసుక్కున్నా అడగండి. లింటెల్ అయిపోతే తలుపులు జరపకండి. అయినా తలుపు రెక్క బందులు రెండో పక్కకి మార్చుకోవచ్చు, స్విచ్చి బోర్డులు అలమార వచ్చే గోడ మీద పడకుండా ఆపుకోవచ్చు. ప్లాస్టరింగ్‌కి ముందు ఒక సాయంత్రం ఇంటివాళ్లంతా వెళ్లి మంచం, అలమార, బస్తాల పీట, సిలిండర్ కొలతలతో నేల మీద సుద్దతో గీసి, వాటి మధ్య నడిచి చూడండి.