రొట్టెల పండుగకు వెళ్తున్నారా? ముందు సంచి సంగతి చూసుకోండి

మొహర్రం వచ్చిందంటే నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర ఇసకేస్తే రాలనంత జనం. అంతమందిలో పోలీసులకు పెద్ద తలనొప్పి ఒడ్డున వదిలేసిన సంచులే. వీసా రొట్టె, పెళ్లి రొట్టె అంటూ నీళ్లలోకి దిగే హడావుడిలో సంచి మెట్ల మీదే పెట్టేస్తాం. ఎవరిదో తెలియకపోతే చుట్టూ జనాన్ని ఖాళీ చేయించి కుక్కను తెచ్చి వాసన చూపించాల్సిందే. తీరా చూస్తే తడి తువ్వాలు, పులిహోర డబ్బా! ఈలోగా ఆ కుక్క ఉండాల్సిన చోట ఉండదు. అందుకే ఇంటిల్లిపాదీ ఒకేసారి దిగకండి, ఒకరు సంచుల దగ్గర కూర్చోండి.

మన ఊళ్లో ఎవడు చేస్తాడులే అనుకోవద్దు. 2016 సెప్టెంబరులో నెల్లూరు కోర్టు దగ్గరే బాంబు పేలింది.

గేటు దగ్గర మెటల్ డిటెక్టర్ మోగలేదంటే అంతా క్షేమమని కాదు. అది లోహాన్నే పడుతుంది, పేలుడు మందు దానికి తెలియదు. ఆ మందు జాడ పట్టే మిషన్ వేరు. సంచి జిప్పును, పట్టుకునే చోటును చిన్న పీలికతో తుడిచి అందులో పెడతారు. అంటుకున్నదాన్ని అది వేడిచేసి ఆవిరి చేస్తుంది, అణువులకు విద్యుదావేశమిచ్చి గొట్టంలో పరుగెత్తిస్తుంది. ఎంతసేపట్లో అవతలికి చేరాయో చూసి ఏ పదార్థమో పసిగడుతుంది. కంటికి ఆనని నలుసు చాలు. అందుకే చీమకుర్తి క్వారీల్లో బ్లాస్టింగ్ పని చేసేవాళ్లు పని బట్టలతో, పని సంచితో రావద్దు. గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే నైట్రోగ్లిజరిన్ బిళ్లలకూ అది మోగవచ్చు, డాక్టరు చీటీ దగ్గరుంచుకోండి. మోగితే టెన్షన్ పడొద్దు, పోట్లాటకూ దిగొద్దు. ఏం పని చేస్తారో ఉన్నదున్నట్టు చెప్తే మళ్లీ తుడిచి చూస్తారు.

విషవాయువు సంగతి వేరు. వాసన రాలేదు కదా అని ధైర్యం పనికిరాదు. 1995 మార్చి 20న టోక్యో మెట్రో రైళ్లలో వదిలిన సరిన్ స్వచ్ఛంగా ఉంటే రంగూ వాసనా ఉండవు. బాధితుల బట్టల నుంచి లేచిన ఆవిరికి ఆసుపత్రి సిబ్బందికి కూడా కళ్లు మసకబారాయి. కాబట్టి చుట్టూ ఉన్నవాళ్లకు ఒక్కసారిగా కళ్ల మంట, దగ్గు, ఆయాసం వస్తే గాలి ఎటు నుంచి వీస్తోందో చూసి, వాయువున్న చోటును తప్పించుకుంటూ ఆ దిక్కుకు నడవండి. క్లోరిన్ గాలికంటే దాదాపు రెండున్నర రెట్లు బరువు, పల్లానికి పాకుతుంది. చెరువులోకి దిగొద్దు, గట్టెక్కండి. బయటపడగానే పైబట్టలు విప్పేసి, మొహమాటపడకుండా ఒళ్లంతా నీళ్లు గుమ్మరించుకోండి. చొక్కా తలమీదుగా లాగకుండా కత్తిరిస్తే మేలు.

అనుమానం కలిగించే పొడి కనిపిస్తే ఊదొద్దు, ముట్టొద్దు, వాసన చూడొద్దు.

ఎవరిదో తెలియని సంచి కనిపిస్తే ఫొటోలు వద్దు, దాని పక్కనే నిలబడి ఫోన్ చేయడమూ వద్దు. దూరం జరిగాక 112కు చేసి, ఏ ఘాట్, ఏ రంగు సంచి, ఎప్పటినుంచి ఉందో చెప్పండి.