ఇరవై నాలుగు గంటల బీపీ – 3వ పాఠం: రాత్రి అంకెలు చదవడం

పోయిన పాఠంలో చేతికి పట్టీ కట్టించుకుని, పగలూ రాత్రీ దానంతటదే బీపీ కొలిచే మిషను నడుముకు తగిలించుకుని ఇంటికొచ్చాం. మర్నాడు మిషను తిరిగి ఇచ్చేశాక చేతికొచ్చే కాగితాలే ఈ పాఠం.

సగటు దగ్గరికి వెళ్లకముందు ఎన్ని కొలతలు సరిగ్గా పడ్డాయో చూడండి. మొత్తంలో 70 శాతమైనా పడాలి. పగలు కనీసం 20, రాత్రి 7 ఉండాలి. మా అమ్మ మొదటిసారి పెట్టుకున్నప్పుడు పట్టీ బిగుసుకుంటున్నా దోసెలు తిప్పుతూనే ఉంది. సగం కొలతలు పోయాయి, పరీక్ష మళ్లీ చేయించాం. పట్టీ బిగియగానే అట్లకాడ పక్కన పెట్టి, చెయ్యి వదులుగా వదిలేసి, మాట్లాడకుండా నిలబడితే చాలు.

ఇక సగటులు. డాక్టరు గదిలో వాడే 140/90 ఇక్కడ పనికిరాదు. 24 గంటల సగటుకు హద్దు 130/80, పగటికి 135/85, రాత్రికి 120/70.

అసలు సంగతి రాత్రిది. నిద్రలో బీపీ పగటికన్నా 10 నుంచి 20 శాతం దిగాలి. పగటి పై అంకె సగటు 142, రాత్రిది 136 అనుకోండి. తేడా 6. దాన్ని 142తో భాగించి 100తో గుణిస్తే 4 శాతం చిల్లర. అంటే దిగనట్టే. పగటిపూట డాక్టరు గదిలో ఎన్నిసార్లు చూపించుకున్నా ఇది బయటపడదు. నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడేవాళ్లలో, కిడ్నీ జబ్బు, షుగరు ఉన్నవాళ్లలో ఇది ఎక్కువ. గుండెకు, మెదడుకు రాబోయే ముప్పును పగటి బీపీకన్నా రాత్రి బీపీయే బాగా పట్టిస్తుంది. నేను ఈ పాఠాలు మొదలుపెట్టిందే అందుకు.

ఒక జాగ్రత్త. రాత్రి అంటే గడియారం రాత్రి కాదు, మీరు పడుకున్న వేళ. రాత్రి డ్యూటీ చేసేవాళ్లు పడుకున్న, లేచిన టైములు డైరీలో రాసి చూపించకపోతే లెక్క మొత్తం తలకిందులవుతుంది.

బీపీ దిగలేదని పొద్దుటి మాత్రను మీ అంతట మీరు రాత్రికి మార్చకండి. బ్రిటన్‌లో 21 వేల మందికి పైగా పాల్గొన్న పరిశోధన ఫలితాలు 2022లో వచ్చాయి. మాత్ర పొద్దున వేసుకున్నా రాత్రి వేసుకున్నా గుండెపోటు, పక్షవాతం విషయంలో తేడా కనబడలేదు. కాగితాలు డాక్టరుకు చూపించి అడగండి.

అభ్యాసం: 24 గంటల సగటు 127/77, పగలు 128/78, రాత్రి 126/76. ఇందులో తేడా ఎక్కడుందో పట్టుకుని, ఎంత శాతం దిగిందో లెక్కకట్టండి. జవాబుతో 4వ పాఠం మొదలవుతుంది.