తోపుల్లో తీసిన ఫొటోలు ఎందుకు చెడిపోతాయి: సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

కొబ్బరి తోటలోకి అడుగుపెట్టగానే మన కన్ను తనకు నచ్చిన దాన్ని ఏరుకుంటుంది. వందల మానుల మధ్య నుంచి ఒక్క వరుసనో, నీడలో కూర్చుని కాయ వలుస్తున్న మనిషినో పట్టుకొని మిగిలిన దాన్నంతా వెనక్కి నెట్టేస్తుంది. ఎండను చూసినప్పుడు ఒకలా, నీడను చూసినప్పుడు మరోలా క్షణంలో సర్దుకుంటుంది. కెమెరాకు ఈ ఏరివేత తెలియదు. తన ముందున్న ప్రతి ఆకునూ, ప్రతి ఎండపొడనూ సమానంగా నమోదు చేస్తుంది. కోనసీమ కొబ్బరి తోటల్లోనూ నూజివీడు వైపు మామిడి తోటల్లోనూ ఏళ్ల తరబడి ఫొటోలు తీసిన అనుభవంతో చెబుతున్నాను: కింద వివరించిన సమస్యల్లో చాలా భాగం ఈ తేడా నుంచి పుట్టినవే. కెమెరా మార్చినంత మాత్రాన అవి పోవు.

నేల మీద తెల్లటి మచ్చలు, నల్లబడిన మానులు

తోటలో ఫొటో తీసిన ప్రతివారికీ మొదట ఎదురయ్యే లోపం ఇదే. ఎండ పడిన చోటల్లా సున్నం చల్లినట్టు తెల్లగా ఉంటుంది, మానుల మొదళ్లు బొగ్గులా కనిపిస్తాయి, కంటికి చల్లగా అనిపించిన చోటు ఫొటోలో గళ్ల దుప్పటిలా తయారవుతుంది.

ఆకుల సందుల్లోంచి నేలకు దిగిన ఎండకూ, దాని పక్కనే ఉన్న నీడకూ మధ్య నాలుగైదు స్టాపుల (ఒక్కో స్టాపు వెలుగు రెట్టింపుకు సమానం) తేడా, అంటే 16 నుంచి 32 రెట్ల తేడా, ఉండడం మామూలే. కెమెరా మీటరు, అంటే వెలుగును కొలిచే సాధనం, ఈ రెండింటికీ సగటు చూసుకుంటుంది కనుక ఎండ తెల్లబోతుంది, నీడ నల్లబడుతుంది, రెండూ దక్కవు. వేళ కూడా దీన్ని మరింత కష్టం చేస్తుంది. అమలాపురం దాదాపు 16.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కాబట్టి మే మొదటి వారంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు దాదాపు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. అప్పుడు వెలుగు మట్టల మీద, నేల మీద పడుతుందే తప్ప మానుల పక్కలకు తగలదు. డిసెంబరు మూడో వారంలో మధ్యాహ్నం కూడా సూర్యుడు సుమారు 50 డిగ్రీల ఎత్తుకే వస్తాడు. అందుకే అదే తోట శీతకాలంలో ఉదయం పది గంటలకు కూడా ఫొటోకు అనుకూలంగా ఉంటుంది.

కాబట్టి మొదటి పరిష్కారం వేళను మార్చుకోవడం. పొద్దు పొడిచిన తరువాతి గంట, పొద్దు వాలే ముందు గంట, లేదా పలుచని మబ్బు కమ్మిన రోజు తోపుకు మంచివి. తోట లోపలి వివరాలు తీయాలనుకుంటే శ్రావణ మాసపు మబ్బును మించిన వెలుగు నాకు కనిపించలేదు. మధ్యాహ్నం తప్ప వీలు కాదంటే రెండు దారులున్నాయి. ఎండపొడ గానీ ఆకాశం గానీ చట్రంలోకి రాకుండా పూర్తిగా నీడలోనే ఉన్న భాగాన్ని ఎంచుకోవడం మొదటిది. ఎండపొడనే ప్రధాన వస్తువుగా చేసుకొని, ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను (కెమెరా ఎంచిన వెలుగు మోతాదును పెంచే, తగ్గించే అమరిక) మైనస్ 1 లేదా అంతకంటే కొంచెం కిందికి దించి, మిగిలినది చీకట్లోకి జారనివ్వడం రెండవది. ఫోనులో అయితే వెలుగున్న చోట వేలితో నొక్కి పట్టి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కిందికి లాగాలి. కెమెరాలో రా ఫైల్ (సెన్సర్ సమాచారాన్ని చిత్రంగా మార్చకముందే దాచే ఫైలు) తీసుకుంటే నీడలను తరువాత కొంత పైకి తీసుకురావచ్చు కానీ, పూర్తిగా తెల్లబోయిన చోట తిరిగి తేవడానికి ఏమీ మిగలదు.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. నేల మీద గుండ్రంగా కనిపించే ఆ ఎండపొడల్లో చాలావరకు నిజానికి సూర్యబింబాలే. ఆకుల మధ్య సందు సూదిబెజ్జం కెమెరాలా పనిచేసి వాటిని నేల మీదికి దించుతుంది. పాక్షిక సూర్యగ్రహణం రోజున చెట్టు కిందికి వెళ్లి చూస్తే అవన్నీ నెలవంకలై ఉంటాయి.

చిత్రం నిండా ఆకులే, చూపు ఎక్కడా నిలవదు

వెలుగు బాగుంది, ఫోకస్ బాగుంది, అయినా ఫొటో చూసినవారు ఒక్క క్షణం చూసి వదిలేస్తారు. తోట మొత్తాన్ని ఒకేసారి పట్టాలన్న ఆశే దీనికి కారణం. కొమ్మలు కొమ్మలను, మానులు మానులను కప్పేస్తాయి; అంచుల్లో సగం తెగిన మాను ఒకటి, మూల నుంచి తెల్లటి ఆకాశం ముక్క ఒకటి చూపును బయటికి లాగుతాయి.

ఫొటో తీసే ముందు ఈ చిత్రం ఏ చెట్టుదో, ఏ వరుసదో మనలో మనం ఒక మాటలో చెప్పుకోగలగాలి. తరువాత కెమెరాను కదపడం కంటే మనం కదలడం ముఖ్యం. రెండు అడుగులు పక్కకు జరిగితే ఒకదాని వెనుక ఒకటి దాగిన రెండు మానుల మధ్య ఖాళీ ఏర్పడుతుంది, ఆ ఖాళీలోనే తోటకు లోతు వస్తుంది. వరుసల్లో నాటిన తోటల్లో సరైన చోట నిలబడితే దారులు దూరంగా ఒక బిందువు దగ్గర కలుస్తాయి. అర అడుగు తప్పినా వరుస చెదిరిపోతుంది. వరుసలేని తాటి తోపులోనూ మర్రి ఊడల మధ్యనూ అలాంటి సాయం దొరకదు కనుక, మిగతా వాటికంటే వంకరగానో లావుగానో వెలుగులోనో ఉన్న ఒక్క మానును పట్టుకొని, మిగతా వాటిని దాని చుట్టూ అమర్చుకోవాలి. తీసే ముందు చట్రపు నాలుగు అంచులనూ ఒకసారి చూపుతో చుట్టి రావడం అలవాటైతే సగం లోపాలు తీయకముందే పోతాయి.

ఆకులు చెదిరి అలుక్కుపోవడం

మాను స్పష్టంగా ఉండి ఆకులు మాత్రం చెదిరితే తప్పు గాలిది. మానుతో సహా అంతా చెదిరితే చేతి వణుకుది. ఈ రెండింటినీ వేరుగా గుర్తించకపోతే పరిష్కారం తప్పుతుంది. ఒక చిన్న లెక్క వేద్దాం. ఐఎస్‌ఓ అంటే కెమెరా వెలుగుకు స్పందించే స్థాయి; ఎఫ్ పక్కనున్న అంకె లెన్సు రంధ్రం, అంటే అపెర్చర్, ఎంత తెరుచుకుందో చెబుతుంది, అంకె పెరిగితే రంధ్రం చిన్నదవుతుంది; షట్టర్ వేగం అంటే వెలుగు లోపలికి వచ్చే సమయం. నిండు ఎండలో ఐఎస్‌ఓ 100, ఎఫ్/8 దగ్గర షట్టర్ వేగం సుమారు 1/400 సెకను వస్తుంది. నాలుగు స్టాపులు తక్కువ వెలుగున్న చెట్టు నీడలో అదే 1/25కు పడిపోతుంది. సముద్రపు గాలికి ఊగే కొబ్బరి మట్టకు ఆ వేగం ఏమాత్రం చాలదు. ఐఎస్‌ఓను 1600కు పెంచితే మళ్లీ 1/400 దొరుకుతుంది. గింజగింజలుగా కనిపించే నాయిస్ కంటే చెదిరిన ఆకు ఎక్కువ నష్టం కనుక, ఐఎస్‌ఓ పెంచడానికి వెనకాడవలసిన పని లేదు. అన్నీ స్పష్టంగా రావాలని అపెర్చర్‌ను ఎఫ్/22 వరకు మూయడం మాత్రం రెండు విధాలా చెరుపు: షట్టర్ వేగం మరింత పడిపోతుంది, డిఫ్రాక్షన్ (ఇరుకు రంధ్రం గుండా వెలుగు వంగి చెదరడం) వల్ల చిత్రమంతటా పదును తగ్గుతుంది. ఎఫ్/8, ఎఫ్/11 దాటవలసిన అవసరం తోటల్లో అరుదు.

ఫోను విషయంలో కారణం వేరు. అది హెచ్‌డీఆర్ (ఎండా నీడా రెండూ దక్కేలా చేసే పద్ధతి) కోసం వరుసగా అనేక ఫ్రేములు తీసి ఒకటిగా కలుపుతుంది కనుక, ఆ లోపు కదిలిన ఆకు అంచులు రెండుగా కనిపించవచ్చు. నీడలోని నాయిస్‌ను తుడిచే క్రమంలో చిన్న ఆకులను రంగు పూసినట్టు అలికేస్తుంది కూడా. వీలున్న ఫోనుల్లో హెచ్‌డీఆర్ ఆపి తీయాలి. డిజిటల్ జూమ్ మానుకోవాలి. గాలి ఒక్కో తెరగా వచ్చి పోతుంటుంది కాబట్టి రెండు తెరల మధ్య విరామం కోసం ఆగడం అన్నింటికన్నా తేలికైన ఉపాయం.

పచ్చదనం పాలిపోవడం

మామిడి, పనస ఆకుల మీద నునుపైన పొర ఉంటుంది. అది ఆకాశాన్ని ప్రతిఫలించడం వల్ల ఆకు మీద తెల్లటి మెరుపు కమ్మి, అసలు పచ్చదనం దాని కింద దాగిపోతుంది. చాలామంది తరువాత ఎడిటింగ్‌లో రంగు పెంచుతారు. అప్పుడు మెరుపు అలాగే ఉండి, మిగిలిన పచ్చదనం ప్లాస్టిక్‌లా మారుతుంది. దీనికి లెన్సు ముందు బిగించి మెరుపును తగ్గించే పోలరైజర్ ఫిల్టర్ సరైన మందు. దాన్ని మెల్లగా తిప్పుతూ మెరుపు తగ్గిన చోట ఆపాలి. మబ్బు రోజున, వాన వెలిసిన వెంటనే కూడా ఇది బాగా పనిచేస్తుంది. ఎడిటింగ్‌తో చేయలేని పని చేస్తుంది కనుక తోటలకు వెళ్లేవారు కొనదగిన ఫిల్టర్ ఏదైనా ఒక్కటి ఉంటే అది ఇదేనని నా అభిప్రాయం. అయితే ఇది ఒకటిన్నర నుంచి రెండు స్టాపుల వెలుగును తినేస్తుంది, కాబట్టి పైన చెప్పిన షట్టర్ లెక్కను మళ్లీ వేసుకోవాలి. బాగా వెడల్పాటి లెన్సుతో ఆకాశం తీసేటప్పుడు దీన్ని తీసేయడం మేలు. సూర్యుడికి 90 డిగ్రీల దిశలో ఆకాశం ముదురుగా, మిగతా చోట్ల లేతగా వచ్చి మరకలా కనిపిస్తుంది.

మానులు లోపలికి వాలడం, మహావృక్షం చిన్నబోవడం

కెమెరాను పైకి ఎత్తి తీసినప్పుడు నిలువు మానులు పైన దగ్గరవుతాయి. కెమెరాను నేలకు నిటారుగా ఉంచి, వెనక్కి నడిచి తీస్తే సరిపోతుంది.

చెట్టు చిన్నబోవడం ఇంతకంటే లోతైన సమస్య. కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమానును తలచుకుందాం. దాదాపు ఐదు ఎకరాలు పరుచుకొని, వెయ్యికి పైగా ఊడలతో నిలిచిన ఆ చెట్టును ఒకే ఫొటోలో పట్టాలని అల్ట్రావైడ్ లెన్సు వాడితే, అది ఏదో ఒక మామూలు తోపులా కనిపిస్తుంది. వెడల్పాటి లెన్సు దూరపు వాటిని చిన్నవి చేస్తుంది, పైగా ఊడలే మానులై ఎదుగుతాయి కనుక అది ఒకే చెట్టని చూసేవారికి తెలిసే ఆధారం ఉండదు. మాను నుంచి కొమ్మ, కొమ్మ నుంచి ఊడ, ఊడ నుంచి నేల తెగకుండా కనిపించే ఒక భాగాన్ని ఎంచుకొని, 70 నుంచి 100 మిల్లీమీటర్ల లెన్సుతో దూరం నుంచి తీస్తే ఊడలు ఒకదాని వెనుక ఒకటి చేరువై బారులు తీరుతాయి. వాటి మధ్య నడుస్తున్న మనిషి ఒకరు ఉంటే కొలత కూడా దొరుకుతుంది. ఆ మనిషి మనకు దగ్గరగా కాకుండా ఊడల నడుమ, వాటంత దూరంలో ఉండాలి.

చెట్టు కింది మనుషుల ముఖాలు

చింతచెట్టు కింది సంతలో, కొబ్బరి రాశుల పక్కన పని చేస్తున్న వారిని తీసినప్పుడు ముఖం నల్లబడి తెల్ల పంచె వెలిగిపోవడం, ముఖం మీద ఎండ మచ్చలు పడడం, చర్మానికి పచ్చటి ఛాయ రావడం తరచుగా చూస్తాము. మొదటిదానికి ముఖం మీద మీటరింగ్ చేసి, వెనుక ఆకాశం రాకుండా చోటు మారాలి. రెండవదానికి నీడ అంచు సరైన చోటు: మనిషి నీడలోనే ఉంటాడు, ఎదుటి ఆరుబయటి వెలుగు ముఖానికి మెత్తగా తగులుతుంది. పచ్చ ఛాయ ఆకుల్లోంచి వడగట్టి వచ్చిన వెలుగు వల్ల కలుగుతుంది. వైట్ బ్యాలెన్స్‌లో (రంగుల ఛాయను సరిదిద్దే అమరికలో) టింట్‌ను కొద్దిగా మెజెంటా వైపు జరిపితే చర్మం కుదురుకుంటుంది, ఆకులు మాత్రం కొంచెం వడలినట్టు కనిపించవచ్చు కనుక మితంగా చేయాలి. అడిగి తీయడం మర్యాద. కాయలు దింపడానికి చెట్టెక్కిన కార్మికుణ్ణి మాత్రం ఏ కారణం చేతనూ పిలవకూడదు, దింపు జరుగుతున్న చెట్ల కింద నిలబడకూడదు.

ఎర్రపూలు ముద్దగా, మంచు మురికిగా

మోదుగ, తురాయి పూల రేకుల వివరాలు పోయి ఎర్రటి ముద్దగా వస్తే, ఎరుపు చానెల్ ఒక్కటే నిండిపోయిందని అర్థం. మామూలు హిస్టోగ్రామ్‌లో (చిత్రంలోని వెలుగు స్థాయిల పటంలో) ఇది తెలియకపోవచ్చు. మూడు రంగులను విడివిడిగా చూపే హిస్టోగ్రామ్‌ను తెరిచి, ఎరుపు కుడి అంచును తాకనంత వరకు ఎక్స్‌పోజర్ తగ్గించాలి.

అరకు కాఫీ తోటల్లో ఇందుకు విరుద్ధంగా చేయాలి. సిల్వర్ ఓక్ చెట్ల నడుమ నిలిచిన తెల్లటి మంచును మీటరు బూడిద రంగుకు దించేస్తుంది కనుక ప్లస్ 0.7 నుంచి ప్లస్ 1 వరకు పెంచాలి. చిత్రం పొగచూరినట్టు వస్తే లెన్సు మీద చెమ్మ పట్టిందేమో ముందు చూడాలి. ఏసీ గది నుంచి తేమగాలిలోకి నేరుగా తెచ్చిన కెమెరాకు ఇది తప్పదు; సంచి జిప్పు తీయకుండా అరగంట బయట ఉంచి, కెమెరా బయటి వేడికి అలవాటుపడిన తరువాతే మూత తీయాలి.