తుపాను నెలల్లో కాన్పు ఉంటే ముందే చూసుకోండి

మన శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో అక్టోబరు, నవంబరు వచ్చాయంటే అందరి చూపూ ఆకాశం మీదే. ఆ నెలల్లో ఇంట్లో రెండో కాన్పో, మూడో కాన్పో ఉండి, చేతిలో డబ్బులు అంతంతమాత్రంగా ఉంటే ఇప్పుడే మొదలుపెట్టండి. నేను గట్టిగా చెప్పేది ఒకటే: ఉన్న కాస్త డబ్బూ ముందు దారికీ బండికీ తీసిపెట్టండి. ఉయ్యాల, కొత్త బట్టలు తర్వాత.

2018 అక్టోబరు 11న తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా వదినకి నెలలు నిండున్నాయి. రోడ్డుకి అడ్డంగా కొబ్బరిచెట్లు, కరెంటు లేదు, ఫోన్లు పనిచెయ్యడం లేదు. ఆ సాయంత్రమే నొప్పులొచ్చాయి. 108కి చెప్పే వీలు లేదు. అన్నయ్య, ఇరుగుపొరుగు వాళ్లు కత్తులు, గొడ్డళ్లు పట్టుకుని కొమ్మలు నరుకుతూ ముందు నడిస్తే, వెనక ఆటోలో మేము. బిడ్డ క్షేమంగానే పుట్టింది. కానీ దారంతా వదిన నా మణికట్టు ఎంత గట్టిగా పట్టుకుందో, గాజు విరిగి గుచ్చుకున్న సంగతి ఆస్పత్రిలో దిగాక గానీ నాకు తెలియలేదు.

కాబట్టి డాక్టరిచ్చిన డేట్ ఈ నెలల్లో ఉంటే, ఊరికీ ఆస్పత్రికీ మధ్య గెడ్డ (వాగు) ఉంటే, రెండు వారాల ముందే రోడ్డు పక్కనున్న చుట్టాలింటికి మారిపోండి. మొహమాటపడొద్దు. కాన్పుకి మనకి టెక్కలి ఆస్పత్రి గానీ శ్రీకాకుళం రిమ్స్ గానీ, విజయనగరం వైపు వాళ్లకి ఘోషాసుపత్రి. తుపాను హెచ్చరిక వస్తే నెలలు నిండినవాళ్లని అధికారులు ముందే ఆస్పత్రికి చేరుస్తారు. ఆ జాబితాలో మీ పేరుందో లేదో ఆశా కార్యకర్తని ఇప్పుడే అడగండి.

ప్రభుత్వాసుపత్రిలో కాన్పుకి డబ్బు కట్టక్కర్లేదు. 2011 నుంచి ఉన్న జననీ శిశు సురక్ష పథకం కింద ఆపరేషన్ అయినా, మందులైనా, పరీక్షలైనా, రక్తమైనా ఉచితమే. మామూలు కాన్పుకి మూడు రోజులు, ఆపరేషన్‌కి ఏడు రోజుల దాకా తల్లికి భోజనం పెడతారు. ఇంటికి తిరిగి రావడానికి తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ అనే ప్రభుత్వ బండి ఉంది. మీ డబ్బు అయ్యేది రాత్రిపూట బండికి, వెంట వచ్చినవాళ్ల తిండికి, పోయిన కూలికి. దాన్ని నోట్ల రూపంలోనే ఉంచుకోండి. కరెంటు పోతే ఏటీఎం పనిచెయ్యదు, ఫోన్‌లో డబ్బులు వెళ్లవు. కేంద్రం ఇచ్చే మాతృ వందన పథకం కింద మొదటి బిడ్డకి రెండు విడతల్లో 5,000 రూపాయలు, రెండో బిడ్డ ఆడపిల్లయితే 6,000 వస్తాయి. రెండో బిడ్డకి వచ్చేది పుట్టాకే, అందుకని దాన్ని నమ్ముకుని అప్పు చెయ్యొద్దు. ఖాతా మాత్రం తల్లి పేరు మీదే ఉండి, ఆధార్‌కి లింకయి ఉండాలి.

భర్త చెన్నైలోనో హైదరాబాద్‌లోనో పనిలో ఉంటే, తుపానుకి రైళ్లు ఆగిపోవచ్చు. ఆస్పత్రిలో పక్కనుండి సంతకం పెట్టేది ఎవరో ముందే అనుకోండి. పెద్దపిల్లాడు ఎవరి దగ్గర ఉంటాడో కూడా. నెల ముందునుంచే వాణ్ణి నానమ్మ పక్కన పడుకోబెట్టడం అలవాటు చేస్తే ఆ రాత్రి ఏడవడు.

బట్టలకి ఖర్చేమీ లేదు. పుట్టకముందు కొత్తవి కొనకూడదంటారు మన పెద్దలు, ఆ మాట జేబుకీ మంచిదే. మా అమ్మ పాత నేతచీర అంచు పళ్లతో కొరికి, రెండు చేతులా సర్రున లాగేది. గరుకు అంచు తీసేసి, గుడ్డల్ని నీళ్లలో మరగబెట్టి, ఎండలో పెళపెళలాడేదాకా ఆరబెట్టేది. ముసురు పట్టాక ఆ ఎండ దొరకదు. ముప్పై, నలభై గుడ్డలు ఇప్పుడే ఆరబెట్టి కవర్లో కట్టేయండి.

పాలడబ్బా, సీసా అసలు కొనొద్దు. తుపాను తర్వాత బావి నీళ్లూ బోరు నీళ్లూ చెడిపోతాయి, ఆ నీళ్లతో కలిపిన పాలు పడితే పసిబిడ్డకి విరేచనాలు. పుట్టిన గంటలోపు ముర్రుపాలు, ఆరు నెలలదాకా తల్లిపాలే. తేనె, పంచదార నీళ్లు వద్దు, బొడ్డు మీద ఏమీ రాయొద్దు. పథ్యమని బాలింత కడుపు మాడ్చొద్దు: చోడి (రాగి) అంబలి, పప్పు, ఆకుకూర, అంగన్‌వాడీలో ఇచ్చే గుడ్డూ పాలూ ఆమే తినాలి, ఇంట్లో అందరికీ పంచకూడదు.

రక్తం కనబడినా, ఉమ్మనీరు పోయినా, విపరీతమైన తలనొప్పితో కళ్లు మసకేసినా, ఫిట్స్ వచ్చినా, కడుపులో బిడ్డ కదలిక తగ్గినా తెల్లారనీ, వాన తగ్గనీ అని ఆగొద్దు. తల్లీబిడ్డల కార్డు, స్కాన్ రిపోర్టులు, ఆధార్, పాస్‌బుక్ ప్లాస్టిక్ కవర్లో పెట్టి, సంచి గుమ్మం పక్కన మేకుకి తగిలించండి. ఆటో అతని నంబరు, ఆశా నంబరు, 108 కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఆ మేకు పైనే అంటించండి. మీ ఫోన్ ఆగిపోయినా పక్కింటి ఫోన్‌లోంచి కొట్టొచ్చు.