పాత కన్వర్టిబుల్ కారు పవర్ టాప్ పునరుద్ధరణ: ముందు చట్రం, తరువాతే పంపు

పాత కన్వర్టిబుల్‌లో, అంటే మడతపడే కప్పున్న కారులో, స్విచ్ నొక్కినా టాప్ (ఆ కప్పు) కదలకపోతే చాలామంది మొదట దాన్ని ద్రవ ఒత్తిడితో కదిలించే పంపునే అనుమానించి, కొత్తది కొని బిగిస్తారు. కొద్దికాలానికి అదీ మొరాయిస్తుంది. అసలు లోపం చాలాసార్లు టాప్‌ను మోసే మడత చట్రంలో ఉంటుంది. ఏళ్ల తరబడి నూనె ఎరుగని కీళ్లు, అరిగిన బుష్‌లు (కీళ్లలోని గొట్టపు తొడుగులు), కాస్త వంగిన పట్టీలు కదలికను పట్టేస్తే ఆ భారమంతా పంపు మీద, టాప్‌ను ఎత్తే సిలిండర్ల సీళ్ల (ద్రవం కారకుండా ఆపే రబ్బరు చుట్టల) మీద పడుతుంది. అందువల్ల ఈ పనిని చట్రంతో మొదలుపెట్టి, ఆ తరువాత కరెంటు, హైడ్రాలిక్స్ (ద్రవ ఒత్తిడితో నడిచే భాగాలు), చివరికి గుడ్డ అనే వరుసలో చేయడం మంచిది.

కారులో ఉన్నది ఏ తరహా ఏర్పాటో ముందే తేల్చుకోవాలి. 1939 ప్లిమత్‌లో టాప్‌ను వాక్యూమ్ సిలిండర్లు ఎత్తేవి. 1957 నుంచి 1959 వరకు వచ్చిన ఫోర్డ్ స్కైలైనర్‌లో ఉక్కు కప్పే మడతపడి డిక్కీలోకి వెళ్లేది. దాన్ని అనేక ఎలక్ట్రిక్ మోటార్లు, రిలేలు, లిమిట్ స్విచ్‌లు నడిపేవి. రెండో ప్రపంచ యుద్ధం తరువాతి అమెరికన్ కార్లలో ఎక్కువగా కనిపించేది మాత్రం రెండు దిశల్లోనూ తిరిగే మోటారు, దానికి జోడించిన పంపు, వెనుక చెరో పక్కన ఒక సిలిండర్ ఉన్న ఏర్పాటు. ఇక్కడి సూచనలన్నీ దానికి సంబంధించినవే.

పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ ఎర్త్ వైరు తీసేయాలి. సగం లేచిన చట్రం కింద గట్టి ఊతం పెట్టకుండా చేయి పెట్టకూడదు. కత్తెరలా ముడుచుకునే ఆ పట్టీల మధ్య వేలు ఇరుక్కుంటే నుజ్జవుతుంది. ఈ పనికి ఇద్దరు మనుషులు తప్పనిసరి.

సిలిండర్ రాడ్లను చట్రం నుంచి విడదీసి, ఇద్దరూ చెరో పక్కన నిలబడి టాప్‌ను చేతులతో నెమ్మదిగా లేపి దించండి. బరువు ఉంటుంది, కానీ ఎక్కడా పట్టేయకూడదు. ఎక్కడ ఆగుతుందో ఆ కీలు దగ్గర సుద్దముక్కతో గుర్తు పెట్టి, తుప్పును వదలగొట్టి, బుష్ అరిగివుంటే మార్చి, పలుచని నూనె వేసి, కారిన నూనెను గుడ్డకు అంటకముందే తుడిచేయాలి. టాప్ మూసినప్పుడు ముందు పట్టీ విండ్‌షీల్డ్ అంచు మీద సమంగా కూర్చోవాలి. ఒక పక్క లాగితేనే కొక్కెం పడుతుంటే చట్రం సర్దుబాటు తప్పిందన్నమాట. అయితే సర్దుబాటు బోల్టులు ముట్టుకునే ముందు తలుపుల చుట్టూ ఉన్న సందులను చూడండి. సందు పైన ఒకలా, కింద ఒకలా ఉంటే కారు అడుగుభాగమే తుప్పుపట్టి కుంగి ఉండవచ్చు. బాడీ సరికాకుండా టాప్‌ను సరిచేయడం వృథా శ్రమ.

ఇక కరెంటు. బ్యాటరీని తిరిగి కలిపి, స్విచ్ నొక్కినప్పుడు మోటారు చప్పుడే చేయకపోతే సర్క్యూట్ బ్రేకర్, స్విచ్, ఎర్త్ ఈ మూడింటినీ చూడాలి. మూలుగుతూ బలహీనంగా తిరిగితే, అది తిరుగుతుండగానే దాని టెర్మినళ్ల దగ్గర మల్టీమీటర్‌తో వోల్టేజీ కొలవండి. బ్యాటరీ దగ్గరి రీడింగు కంటే అది బాగా తక్కువగా ఉంటే లోపం మోటారులో కాదు, దారిలో ఉంది: కమిలిన స్విచ్ పాయింట్లు, తుప్పు మీద బిగించిన ఎర్త్, చిలుము పట్టిన కనెక్టరు. 6 వోల్టుల కార్లలో ఈ జాగ్రత్త ఇంకా ముఖ్యం, ఎందుకంటే అంతే శక్తికి 12 వోల్టుల కారు కంటే రెట్టింపు కరెంటు ప్రవహించాలి.

హైడ్రాలిక్స్‌లో ఎక్కువ నష్టం జరిగేది తప్పు ద్రవం పోయడం వల్లే. 1950ల కార్లలో చాలావాటికి బ్రేక్ ఆయిల్ వాడేవారు. తరువాతి కాలంలో ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్ వచ్చింది. ఒకదానికి చేసిన రబ్బరు సీళ్లు రెండోదానిలో ఉబ్బి, మెత్తబడి, పాడవుతాయి. పాత యజమాని ఏం పోశాడో తెలియనప్పుడు గాజు గ్లాసులో నీళ్లు తీసుకుని, పంపుకు ద్రవం అందించే ట్యాంకులోంచి రెండు చుక్కలు వేసి కలపండి. మామూలు బ్రేక్ ఆయిల్ నీళ్లలో కలిసిపోతుంది; గేర్‌బాక్స్ ఆయిల్ పైకి తేలి ముత్యాల్లా నిలుస్తుంది. సిలికాన్ రకం బ్రేక్ ఆయిల్ కూడా నీళ్లలో కలవదు కాబట్టి రంగు కూడా గమనించండి: సిలికాన్ సాధారణంగా ఊదారంగులో, గేర్‌బాక్స్ ఆయిల్ ఎరుపులో ఉంటాయి. అయినా ఈ పరీక్ష చెప్పేది ట్యాంకులో ఏముందో మాత్రమే, ఏముండాలో కాదు. దానికి ఆ మోడల్ వర్క్‌షాప్ మాన్యువల్‌నూ, కొత్త సీళ్లు ఏ ద్రవానికి తయారైనవో చెప్పే సూచననూ నమ్మాలి. మామూలు బ్రేక్ ఆయిల్ పెయింటును తినేస్తుంది. ఒలికితే వెంటనే నీళ్లతో కడగాలి.

రాడ్డును తెల్ల గుడ్డతో తుడిచి చూడండి. తడి గీతలా అంటితే పై సీలు కారుతోందని అర్థం. రాడ్డు మీద గోరుకు తగిలే గుంటలుంటే కొత్త సీలు కూడా ఎక్కువకాలం నిలవదు, సిలిండరే మార్చాలి. ఒకటి పాడైనా రెండూ కలిపే మార్చడం మేలు, లేకపోతే ఒక పక్క ముందు లేచి చట్రం మెలితిరుగుతుంది. కొత్తవి బిగించే ముందు రాడ్డు ముడుచుకున్నప్పుడూ చాచుకున్నప్పుడూ పాతవాటితో పొడవు సరిచూడాలి. పాత రబ్బరు హోసులు పైకి బాగానే కనిపించినా లోపల పొరలు ఊడి దారి మూసేస్తాయి కాబట్టి వాటినీ మార్చి, టాప్ ముడుచుకున్నప్పుడు పట్టీల మధ్య నలగని దారిలో బిగించాలి.

ద్రవం నింపాక, రాడ్లను చట్రానికి కలపకుండానే స్విచ్‌తో పలుమార్లు అటూ ఇటూ నడిపి, మధ్యమధ్యలో ట్యాంకు చూస్తూ, పంపు గరగర పోయి ఒకే స్వరంలో పలికేదాకా గాలిని వెళ్లగొట్టాలి. తరువాతే రాడ్లు కలపాలి. టాప్ ఏ స్థితిలో ఉన్నప్పుడు మట్టం చూడాలో మాన్యువల్‌లో ఉంటుంది. ట్యాంకును అంచుదాకా నింపకూడదు, ఎందుకంటే రాడ్లు లోపలికి వెళ్లినప్పుడు అవి తోసిన ద్రవం ట్యాంకుకే తిరిగివస్తుంది. కొక్కేలు విప్పకుండా ఎన్నడూ స్విచ్ నొక్కకండి. టాప్ చివరికి చేరగానే వేలు తీసేయండి.

గుడ్డ పని ఓపికతో కూడినది. అనుభవం లేనివారు దీన్ని నిపుణులకు అప్పగిస్తే మంచిదని నా అభిప్రాయం. సొంతంగా చేసేవారు పాత గుడ్డ విప్పకముందే వెనుక కమాను (గుడ్డను మోసే అడ్డకమ్మీ) ఎత్తునూ, బాడీ నుంచి దాని దూరాన్నీ కొలిచి రాసుకుని, ప్రతి దశనూ ఫొటో తీసుకోవాలి. పాత గుడ్డ సాగిపోయి ఉంటే మాన్యువల్ కొలతే ప్రమాణం. మొదట ప్యాడ్లు (చట్రానికీ పైగుడ్డకూ మధ్య ఉండే మెత్తలు), తరువాత వెనుక కిటికీ భాగం, ఆఖరున పైగుడ్డ వేయాలి. స్టేపుల్ పిన్నులు తుప్పుపట్టని రకానివే వాడాలి. చలిలో వినైల్ బిగుసుకుని సాగదు కాబట్టి వెచ్చటి చోట పని చేయాలి. బిగించాక కొన్ని రోజులు టాప్‌ను మూసే ఉంచి గుడ్డను కుదురుకోనివ్వాలి. తడిగా ఉన్నప్పుడు మడవకూడదు. పారదర్శక ప్లాస్టిక్ కిటికీ ఉన్న కారైతే మడిచేటప్పుడు దాని పొరల మధ్య మెత్తని గుడ్డ పెడితే గీతలు పడవు.