ఏమీ జరగని సభను ఒక్క విశేషణంతో వార్తగా రాయడం ఎలా?

మండల సర్వసభ్య సమావేశానికి వెళ్లారు. అక్కడ ఏమీ జరగలేదు. అయినా సాయంత్రానికల్లా డెస్కుకు వార్త పంపాలి. 1974లో విశాఖపట్నంలో పుట్టిన ఈనాడు 1989లో జిల్లా పేజీలు తెచ్చాక మిగతా పత్రికలూ ఆ దారే పట్టాయి. అప్పటి నుంచి మండల సభ కూడా వార్తే. సరుకున్నా లేకపోయినా పేజీ నిండాల్సిందే.

కావలసినవి: నోట్‌బుక్, పెన్ను, అజెండా కాపీ. ఫోన్లో రికార్డు చేయొద్దు. ఒకసారి విన్న విసుగు చాలు, ఇంటికెళ్లి మళ్లీ వినక్కర్లేదు.

మొదట కుర్చీలు లెక్కపెట్టండి. ఎన్నింటికి మొదలుపెడతామన్నారు, ఎన్నింటికి మొదలైంది, ఎవరు మధ్యలో లేచి వెళ్లారు, ఇవి రాసుకోండి. అంతే.

ఇక అసలు తంటా. ఏ మాట వేయాలి?

చాలామంది రాసి పంపే వార్తలు ఇలా వస్తాయి: ‘సమావేశం తూతూమంత్రంగా, మొక్కుబడిగా, నిస్సారంగా జరిగింది.’ ఈ మూడూ ఒకటేననుకుంటారు. కావు. పని గబగబా కానిచ్చేస్తే తూతూమంత్రం. ముప్పై అంశాల అజెండా ఇరవై నిమిషాల్లో అయిపోతే ఆ మాట వేయొచ్చు. అందరూ వచ్చి, కూర్చుని, ఎవరికీ మనసు లేకపోతే మొక్కుబడి. మొక్కు తీర్చకపోతే దేవుడికి కోపమొస్తుందని వెళ్లినట్టు, హాజరు పట్టీలో సంతకం కోసం వచ్చారన్నమాట. నిస్సారం అసలు వాడకండి, అది పరీక్ష పేపర్లో రాసే మాట.

జనం రాకపోతే వెలవెలబోయింది. వెలవెల అంటే రంగు పోయి పాలిపోవడం, చదవగానే ఖాళీ కుర్చీలు కళ్లకు కడతాయి. రావాల్సిన ముఖ్యుడు ఒక్కడు రాకపోతే బోసిపోయింది. పళ్లు లేని నోరు, నగ లేని మెడ బోసి. జనం నిండుగా ఉన్నా వేదిక బోసిపోవచ్చు. ఏదో జరుగుతుందని ఊరించి తుస్సుమంటే చప్పగా సాగింది, ఉప్పు మర్చిపోయిన పప్పులా. ముందు ఆశే లేని సభకు ‘చప్పగా’ వేస్తే అబద్ధం. మందకొడి పోలింగ్‌కు, పేలవం క్రికెట్‌కు. వాటిని అక్కడే ఉండనివ్వండి.

ఇంగ్లిష్ వార్తాసంస్థ పంపిన వార్తలో లాక్‌లస్టర్ అని వస్తే ‘మెరుపులేని’ అని తర్జుమా చేసేవాళ్లను రోజూ చూస్తున్నాను. ‘కళ తప్పిన’ అనే మాట ఇంట్లో పెట్టుకుని పక్కింటికి అప్పుకెళ్లడం ఎందుకు?

మాట దొరికిందా? దాన్ని శీర్షికలో ఒక్కసారే వేయండి. కింద మళ్లీ కనపడకూడదు, అక్కడ మీరు చూసింది రాయాలి. ‘మొక్కుబడిగా మండల సభ’ అని పైన పెట్టి, కింద ఇలా: ‘పదకొండింటికి మొదలవ్వాల్సిన సమావేశం పన్నెండున్నరకు మొదలైంది. విద్యుత్ ఏఈ నివేదిక చదువుతుంటే ముందు వరుసలో ఇద్దరు సర్పంచులు ఫోన్లో రీల్స్ చూస్తున్నారు. ఒంటిగంటకు భోజనాలు.’ విశేషణం మీ అభిప్రాయం. కింద లెక్క లేకపోతే పొద్దున్నే ఎంపీడీవో ఫోన్ చేసి అడిగినప్పుడు మీ దగ్గర జవాబుండదు.

ఈ టెన్షన్ నేనూ పడ్డాను. కొత్తలో ఒక సభ సగంలో టీకి బయటికి వెళ్లి, అటునుంచి అటే వచ్చేసి ‘వెలవెలబోయిన సభ’ అని రాశాను. మర్నాడు పేపర్లో నా వార్త పక్కనే ఫొటో, కిక్కిరిసిన హాలు. నేను వెళ్లాక రెండు ట్రాక్టర్ల జనం దిగారట. నిర్వాహకులు పేపరు మడిచి పట్టుకుని ఆఫీసుకొచ్చారు. అప్పటి నుంచి వందన సమర్పణ అయ్యేదాకా కుర్చీ వదలను. మీరూ వదలొద్దు. టీ తర్వాత తాగొచ్చు.

శీర్షిక చివర ఆశ్చర్యార్థకం పెట్టకండి. నీరసానికి ఆశ్చర్యమేమిటి?

ఏ మాటా అతకకపోతే బలవంతం చేయొద్దు, సింగిల్ కాలమ్‌లో పట్టేలా మూడు లైన్లు పంపండి. కోరం లేక సభే ఆగిపోతే ఇంకా సుఖం. ‘కోరం లేక వాయిదా’ అని పెట్టి ఇంటికెళ్లండి.